రెండున్నర వైరు, మూడు మూరలు

మల్కాపురం షెడ్డులో, మూడో పాట మధ్యలో
యాంప్లిఫయర్ గొంతు కాస్త కుంగింది.
వాల్వులు నారింజ రంగులో బాగానే వెలుగుతున్నాయి.
డెరిక్ డ్రమ్స్ ఆపలేదు. నేనూ ఆపలేదు.
డబ్బా వెనక చేయి పెట్టి మమ్మల్ని ఆపినవాడు
మైలపల్లి దేముడు,
పక్క గదిలో మరబోట్ల వించి మోటార్లు చుట్టేవాడు.
"వైరుకి జొరం తగిలీసింది బాబూ."

నిజమే. చేయి వేస్తే తెలిసే వేడి.
నేను పెట్టింది గిటారు వైరు.
అదే మందం, అదే నలుపు, అదే పావంగుళం జాక్,
దూర్చగానే అదే క్లిక్కు.
పట్టింది కదా, సరిపోయినట్టే అనుకున్నాను.

దేముడు బ్లేడుతో దాని కడుపు కోశాడు.
మధ్యలో వెంట్రుకంత రాగి,
చుట్టూ సన్నటి వల.
"ఇది సెవిలో సెప్పే మాట మొయ్యడానికి.
ట్యూబ్‌లైట్ల గోల లోపలికి రాకండా ఈ వల.
పెట్టి దాటినాక గోల దీన్నేటి సేస్తాది?
అక్కడ కావాల్సింది కండ."

ద్వారకానగర్ షోరూంలో
జడలా అల్లిన వైరు చూపించారు, బంగారు మొనలు,
మీటరు మూడు వేల ఎనిమిది వందలు.
దీంట్లో బాస్ గుండ్రంగా వస్తుందన్నాడు కుర్రాడు.
గుండ్రం ఎంతో అతని వేళ్లు గాలిలో చూపించాయి.
పూర్ణా మార్కెట్‌లో మీటరు పన్నెండు,
దారప్పోగు లాంటిది. వద్దన్నాను.
డాబాగార్డెన్స్‌లో రత్నమాణిక్యం గారు మాత్రం
కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి
"ఎన్ని ఓమ్‌లు? ఎన్ని వాట్లు?" అని అడిగారు.
ఎనిమిది. యాభై.
"అయితే ఒకటిన్నర చాలు. రెండున్నరైతే నిద్ర పడుతుంది."

కానీ ఆవిడ రాగి వట్టి రాగి.
ఈ ఊళ్లో రాగి ఒక్క వానాకాలానికే పచ్చబడుతుంది.
నా గిటారు తీగలు నెలకోసారి మారుస్తాను,
సముద్రానికి నేను కట్టే పన్ను అది.

అందుకే చివరికి ఫిషింగ్ హార్బరు.
టార్పాలిన్ కింద, ఎండుచేపల వాసనలో, చెక్క చక్రానికి చుట్టి
బోట్లలో వేసే రెండు పోగుల వైరు.
ప్రతి పోగుకీ కళాయి పూత,
కొత్త గిన్నె అడుగులా తెల్లగా.
వల లేదు, ముసుగు లేదు.
పక్కపక్కనే నడిచే ఇద్దరు బరువు మనుషులు.

పది మూరలు ఇమ్మన్నాను, ఎందుకైనా మంచిదని.
దేముడు మోచెయ్యి మడిచి కొలిచాడు.
"డబ్బా నెత్తి మీదే కదా పెట్టి కూకుంటాది?
మూడు మూరలు. మిగతాదంతా తాడు."

షెడ్డులో టంకం పొగ కాసేపు నిలబడింది.
రెండు కొసలకీ ఎర్ర టేపు చుట్టాడు,
చీకటి స్టేజీ మీద నా చెయ్యి మళ్లీ తప్పకుండా.
"ముందు డబ్బాకి తగిలించు. ఆ తర్వాతే స్విచ్చి.
మొయ్యడానికి ఎవలూ లేకండా బరువు పంపీసినావంటే
పెట్టిలోనే మాడిపోద్ది."

డెరిక్ కర్రలు నాలుగుసార్లు తట్టాడు.
మొదటి తీగల దెబ్బకి రేకు మీది మేకు ఒకటి రాలింది.
కాకి లేచిపోయింది.
దేముడు డబ్బా వెనక గొంతుక్కూర్చుని
రెండు వేళ్లతో వైరు పట్టుకుని
కళ్లు మూసుకున్నాడు.
నా పాట వింటున్నాడనుకుని
ఆఖరి చరణం రెండోసారి కూడా వాయించాను.

అయ్యాక మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేచాడు.
"సల్లగుంది," అన్నాడు.
పాట గురించి ఏమీ అనకుండా
సగం చుట్టిన మోటారు దగ్గరికి వెళ్లిపోయాడు.