అడ్వాన్సు

అగ్గిపెట్టె కంటె ఇంతంత పెద్దగుంటది.
లోపల ఒక సిమ్ము, ఒక చిప్పు,
నలభై ముగ్గురి గొంతులు.
తెచ్చిచ్చిన పిల్లగాడు చెప్పిండు:
"అన్నా, ఎవడన్న ఎత్తుకపోతే
నువ్వు ఏ ఊర్లె ఉన్నా సరే
ఈ నంబరుకు ఒక్క మాట పంపు.
లోపలిది లోపల్నే పటుక్కుమంటది.
తర్వాత బ్రహ్మదేవుడు గూడ సదవలేడు."

ఆ మాటేందో మనమే పెట్టుకోవాల్నట.
కోస్గిల, విత్తనాల దుకాణం మీది రూముల
ఆ పొద్దు తాయప్ప ఒక్కడే ఉండె,
గోడకు ఒరిగి, బీడీ చెవి మీద పెట్టుకొని.
"అడ్వాన్సు అని పెట్టు" అన్నడు.
"గుంపు మేస్త్రి ఆ మాట అన్ననాడే
మా ఇండ్లకు తాళాలు పడ్డయ్.
దీన్ని గూడ గదే ఖాళీ చెయ్యనీ."
అని నవ్విండు.
నాకు నవ్వు రాలే. అదే పెట్టిన.

మాణెమ్మది పదకొండో గొంతు.
భీమా అవతల కాల్వ పనిల
మొగుడు మట్టిపెళ్ల కింద పోయిన సంగతి
పందొమ్మిది నిమిషాలు చెప్పింది.
నడుమ దగ్గింది.
నడుమ, కోడి వచ్చి గిన్నెల మూతి పెడితే
"హుష్, నీ కడుపు గాల" అన్నది.
మల్ల ఆడికెల్లే అందుకున్నది,
దారం తెగనట్టు.
పీర్ల పండుగకు ముందు చెప్పింది.
బోనాల నాటికి లేదు.

జడ్చర్ల బస్టాండు, రాత్రి పదిన్నర.
సేటు ఫోను చేసిండు:
"మీ రూము తాళం పగిలింది,
తలుపు బార్లా ఉన్నది."
చేతిల మిర్చి కాయితం.
మేస్త్రి రెండంతస్తుల ఇల్లు
వాళ్ల గల్లీలనే ఉన్నది.
ఏ తలుపు ముందుగాల కొడ్తరో?
దామరగిద్ద దిక్కా, మద్దూరు దిక్కా?
వేలికి నూనె, ఒకసారి అక్షరం తప్పు పడ్డది.
దిద్దిన.
మహబూబ్‌నగర్ బస్సు వచ్చి, ఆగి, పోయింది.
పంపిన.
ఒక టిక్కు.
రెండోది పడేదాక ఊపిరి ఆడలే.
పడ్డది.
పదకొండో గొంతు అప్పుడు యాదికొచ్చింది.

తెల్లారి పోయి చూస్తే
గ్యాసు సిలిండరు లేదు, టేబుల్ ఫ్యాను లేదు,
సంచిల బియ్యం సగం లేవు.
డబ్బ మాత్రం పెట్టిన కాడనే ఉన్నది,
మస్టరు బుక్కు కింద.
దొంగలు ముట్టనే లేదు.
చెవి కాడ పెట్టి ఊపిన,
ఇసుక ఆడినట్టు చిన్న చప్పుడు.
"ఇంకేమన్న పోయిందా?" అని
జమేదారు పెన్ను ఆపిండు.
"ఇంకేం లేదు సార్" అన్న.

మల్ల ఊర్లు తిరిగిన.
కొందరు పుణె పోయిండ్రు.
కొందరు తలుపు సగమే తీసిండ్రు.
తాయప్పకు దాచకుంట చెప్పిన.
శానసేపు మాట్లాడలే. బీడీ ముట్టిచ్చిండు.
"అడ్వాన్సంటె గట్లనే ఉంటది మరి.
పని మొదలుగాక ముందే
పోయేది పోతది" అన్నడు.
"చెప్పిందే చెప్పాల్నా? కూలి కట్టిస్తవా?"
అనుకుంటనే చెప్పిండు.
మునుపు నాలుగు నెలలన్నడు,
ఇప్పుడు ఐదున్నర.
మునుపు దెబ్బల ముచ్చట తియ్యలే,
ఇప్పుడు అంగీ పైకెత్తి వీపు తిప్పిండు.
"గప్పుడెందుకు చెప్పలే?"
"గప్పుడు డబ్బకు చెప్పిన.
గిప్పుడు నీకు చెప్తున్న."

ఈసారి నోటుబుక్కు.
పేర్లు రాయలే.
కింది దుకాణంల సంచుల మీది పేర్లే
ఒక్కొక్కరికి ఒక గింజ పెట్టిన.
తాయప్ప ఆముదం. ఎర్రగుంట అవ్వ తైదలు.
ఒకాయన తనకు మిరప గావాల్నని పట్టుబట్టిండు.

పదకొండో పేజీ మీద
నువ్వు అని రాసిన.
రాసినంక ఆ మాట
నా దిక్కే చూసినట్టయింది.
పందొమ్మిది నిమిషాలు ఎంత తవ్వినా
ఒక దగ్గు,
కోడిని అదిలించిన ఒక మాట.
అంతే రాసిన.
కిందంత తెల్లగ ఉన్నది.
కింద దుకాణంల సేటు
ఎవరికో గింజలు జోకుతున్నడు.