పాత స్విచ్

సోమవారం రాత్రి. గ్దీన్యా రేవు మీద మంచు
కురవాలా వద్దా అని ఆలోచిస్తోంది.
నేను మూడో అంతస్తులో, సాక్సులతో,
ఒక యంత్రం ఎప్పుడు బిగుసుకుపోతుందా అని
కాచుకుని కూర్చున్నాను.

బిగుసుకుపోవడం అంటే చావడం కాదు.
చస్తే తీసి పక్కన పెట్టొచ్చు.
ఇది నిద్ర, లేపలేని నిద్ర.
తొమ్మిదో సిగ్నల్ పంపుతాను,
ఎంత మొండి ప్రోగ్రామైనా దానికి తల వంచాల్సిందే.
ఉలకదు, పలకదు.
చావడానికైనా ముందు మెలకువ రావాలిగా.

రెండు వారాలుగా హాల్ష్కా ఎదురుచూస్తోంది,
బాల్టిక్ అడుగున కాడ్ చేపల లెక్క
సగం రాసి సగం మింగేసిన ఫైలు కోసం.
స్టోరేజ్ ఉన్నది కింది అంతస్తులో. మధ్యన ఒక తీగ.
"ఉన్నావా?" అని ఇక్కడ అడిగితే
"ఉన్నాను" అని అక్కణ్ణుంచి జవాబొచ్చింది.
వచ్చింది. ప్యాకెట్లన్నీ విప్పి చూశాను.
సరిగ్గా వీడు కళ్ళు మూయబోయే క్షణాన వచ్చి,
గుమ్మంలో కాసేపు నిలబడి,
పలకరించేవాళ్ళు లేక వెళ్ళిపోయింది.

కురితీబా నుంచి ఇరాసేమా ప్యాచ్ పంపింది.
రెండే లైన్లు.
పడుకునే ముందు ఇంకోసారి తలుపు తీసి చూడు.
అంతే, అంతకు మించి అందులో ఏమీ లేదు.
గ్యాస్ కట్టేశానా అని మా నాన్న
రాత్రికి నాలుగుసార్లు లేచేవాడు.
మేం దుప్పట్లో నవ్వుకునేవాళ్ళం.

గురువారం పొద్దున కొత్త కెర్నెల్ ఎక్కించాను.
రాయించాను, తీగ పీకాను, పెట్టాను, మళ్ళీ రాయించాను.
నలభై. నూట నలభై. రెండొందల పది.
ఎక్కడా ఆగలేదు.
సెవెరిన్ తలుపులోంచి బొటనవేలు పైకెత్తి చూపించాడు.
"పరీక్షించాను, సరిగా ఉంది" అని రాసి
కింద నా పేరు పెట్టడానికి
వేళ్ళు కీబోర్డు దాకా వెళ్ళాయి.

ఎందుకో పాత కెర్నెల్‌ని మళ్ళీ లేపాను.
రోగికి నయమైంది సరే,
రోగం ఇంకా ఊళ్ళో ఉందా?
ఇరవై సార్లు. అరవై. మూడొందలు.
ఇరవైకి పదిహేడు మార్లు కొయ్యబారిన ఆ పాతదే
బుద్ధిమంతుడిలా రాసుకుంటూ పోతోంది.

మరి ఇంతసేపూ నేను పరీక్షించింది దేన్ని?
దెబ్బ తగలని చోట కట్టు కట్టి
నెత్తురు ఆగిందని మురిశాను.

"సెవెరిన్, ఏమైనా మార్చావా?"
"ఆ స్విచ్చా? ఫ్యాను ఒకటే గోల.
నిన్న కొత్తది పెట్టాను, నీకు తలనొప్పి తగ్గుతుందని."
ఏమంటాను, మంచి మనిషి.
"పాతదో?"
"మెట్ల కింద. రేపు చెత్తబండి వస్తుంది."

విరిగిన కుర్చీకీ పెయింటు డబ్బాకీ మధ్య దొరికింది,
మూతి మీద బూజుతో.
దాని ఏడో పోర్టుకి సగం చెవుడు,
మూడు మాటల్లో ఒకటి జారవిడుస్తుంది.
నాకు కావలసింది ఆ చెవుడే.

బిగించాను. ఫ్యాను గోల మొదలు.
పాత కెర్నెల్, తొమ్మిదో రౌండు:
కదలదు. తొమ్మిదో సిగ్నల్‌కీ కదలదు.
చప్పట్లు కొట్టాను.
ఒకటి చెడిపోయిందని అంత సంబరపడే మనిషిని
సెవెరిన్ ఎన్నడూ చూసి ఉండడు.
వెనక్కి అడుగేసి, టీ పెట్టడానికి వెళ్ళాడు.

అప్పుడు కొత్తది.
సాయంత్రం ఆరు నుంచి తెల్లారి ఎనిమిది దాకా.
అంకెలు పెరిగాయి. ఏమీ జరగలేదు.
ఏమీ జరగకపోవడాన్ని
ఎన్ని గంటలు చూస్తే చూసినట్టు?
నాకు తెలీదు. ఇరాసేమాకి ఇలా రాశాను:
ఈ స్విచ్ మీద, ఈ ఏడో పోర్టులో,
పద్నాలుగు గంటలు, ఒక్కసారీ ఆగలేదు.
"ఎప్పటికీ" అన్న మాట రాసి కొట్టేశాను.

హాల్ష్కా ఫైలు మూసుకుంది.
కింద చెత్తబండి హారన్.
కుర్చీ వెళ్ళింది, డబ్బా వెళ్ళింది.
ట్రాలీబస్సు ఎక్కే ముందు ఏదో గుర్తొచ్చి
మూడంతస్తులూ తిరిగెక్కాను,
స్విచ్ నెత్తిన ఒక చీటీ అంటించడానికి:
చెడ్డది. పారేయొద్దు.