నాలుగంగుళాల సందు

తలా తోకా లేని పని అంటారు కదా,
దీనికి తల ఉంది. తోకే లేదు.
కరెంటు కంపెనీ వేలంలో కొన్న బండి:
ముందు తెల్లటి క్యాబిన్,
వెనక రెండు ఉక్కు పట్టీలు,
ఎవరో తినేసి పళ్లెంలో వదిలిన
చేప ముల్లులా, జిడ్డు జిడ్డుగా.

బెర్నిస్ ఓల్‌స్టాడ్ దాన్ని మా షెడ్డుకు తోలుకొచ్చింది.
నార్త్ డకోటాలో అక్టోబరు.
పొద్దుతిరుగుడు చేలు నల్లబడి
తలలు వేలాడేసుకున్న రోజులు.
వెనకాల ట్రెయిలరు మీద ఆమె పాత పికప్ తొట్టి,
ఆకుపచ్చది.
ఇరవై ఆరేళ్లు తేనెపెట్టెలు మోసింది.
"దీన్ని దానికి పెట్టు" అంది,
గుండీ ఊడిన చొక్కా చేతికిచ్చినట్టు.

కాఫీ డబ్బాలో పాత బోల్టులు కూడా తెచ్చింది.
ఎనిమిదింటిలో ఐదు.
మిగతా మూడూ తలలు తెంచుకున్నాయట,
లొంగలేదట.

టేపు పెట్టి చూశాను.
పట్టీల మధ్య ముప్ఫై నాలుగు అంగుళాలు.
తొట్టి కాళ్లేమో ఇంకా ఎడంగా నిలబడడానికి పుట్టాయి.
ఏ రంధ్రమూ ఏ రంధ్రాన్నీ గుర్తుపట్టలేదు.
పట్టీలకు వెల్డింగ్ పెట్టకూడదు,
వేడి తగిలితే పెళుసెక్కి ఎప్పుడో నడిరోడ్డు మీద పగ తీర్చుకుంటాయి.
ఉన్న రంధ్రాలనే బతిమాలుకోవాలి.

గొలుసులు కట్టి
మూడుసార్లు ఎత్తాం, మూడుసార్లు దించాం,
నేనూ, కోల్బీ అనే కుర్రాడూ.
తొట్టిని క్యాబిన్‌కు ఆనిస్తే
చక్రం కమానులో ఒక మూలకు పోతుంది,
వంకరగా పెట్టుకున్న టోపీలా.
చక్రాన్ని మధ్యకు తెస్తే
క్యాబిన్ వెనక నాలుగంగుళాల సందు.
"చక్రం మధ్యలోనే ఉండనీ" అంది బెర్నిస్,
ఫ్లాస్కు మూతలో కాఫీ ఊదుకుంటూ,
"సందు ఎవరికి అడ్డం?"

నాకు అడ్డమే.
ముందు పన్ను ఊడిన నవ్వు నా షెడ్డులోంచి
ఊరి మీదికి వెళ్తుందంటే ఒప్పుకోలేకపోయాను.
ఆమె చూడకుండా ఒక రేకు కోసి పక్కన పెట్టాను.

తొట్టి అడుగున బ్రాకెట్లకు నిప్పు ముట్టించగానే
అతుకుల్లో గడ్డకట్టిన మైనం కరిగింది.
షెడ్డంతా వాసన.
ఏ వేసవిదో, ఏ తోటదో,
నాకు పేరు తెలియని పువ్వుది.

మొదట ఒకటి వచ్చింది, తెరిచిన తలుపులోంచి.
తర్వాత పదకొండు. లెక్కపెట్టాను.
చలికి సగం చచ్చిన తేనెటీగలు,
ఖాళీ తొట్టి అంచు మీద నడుస్తూ
ఇల్లు మారిన ఊళ్లో ఇంటి నంబరు వెతికే ముసలివాళ్లలా.
కోల్బీ చేతితొడుగు విసరబోయాడు.
"కొట్టకు" అంది ఆమె. అంతే.
టార్చి ఆపేశాను.
గంటకు అరవై డాలర్లు పుచ్చుకునేవాణ్ణి,
పావుగంట ఊరికే నిలబడ్డాను.
దాన్ని బిల్లులో వేయలేదు.

మిగతాదంతా మామూలు తలనొప్పే.
డీజిల్ గొట్టం మూతి జానెడు కిందికి వచ్చింది,
వంపు తిరిగిన రబ్బరుతో కలిపాను.
ఎడమకు సిగ్నలు వేస్తే కుడి దీపం కొట్టుకుంది.
కోల్బీ నవ్వాడు. తీగలు మార్చాను.
ఆకుపచ్చకు తెలుపు వేద్దామా అంటే
ఆమె నా వంక ఎలా చూసిందంటే
రంగు డబ్బా నా అంతట నేనే అటకెక్కించాను.

సాయంత్రం బయల్దేరింది.
ధాన్యం గోదాము పక్కన రైలు పట్టాలు దాటుతుంటే
షెడ్డు గుమ్మంలోంచి చూశాను.
క్యాబిన్ ముందు ఊగింది.
తొట్టి, దాని తీరిక చూసుకుని, తర్వాత ఊగింది.
సందు ఒక పక్క రెండంగుళాలకు ముడుచుకుని
ఇంకో పక్క విచ్చుకుని
మళ్లీ సర్దుకుంది.
నా రేకు వేసి ఉంటే
ఆ పట్టాల మీదే కాగితంలా చిరిగేది.

రేకు ఇంకా గోడకే ఆనించి ఉంది.

నవంబరులో ఫోను చేసింది.
ఏ బోల్టు ఊడిందో అనుకున్నాను.
"ఆ సందులో
మంచు పార సరిగ్గా పడుతోంది" అంది.
పెట్టేసింది.