లెక్కకెక్కని పది నిమిషాలు

ఛుబూత్ లోయకు నేను నీరుగంటిని.
పడమటి గాలికి ఎగిరిపోకుండా
టోపీ తాడు గడ్డం కింద బిగించి
గట్టు మీద సైకిలు నడిపించుకుంటూ పోతుంటాను.
ఏ తూము ఏ జామున ఎత్తాలో
చంకలోని ఈ పుస్తకానికే తెలుసు.

మొదటి పుటలన్నీ వెల్ష్ చేతిరాత.
నల్లసిరా తుప్పురంగుకు తిరిగింది.
ఓడ దిగి, ఉప్పునేల చూసి గుండె జారి,
అయినా పారలు పట్టినవాళ్లు:
బీవన్లు, ప్యూలు, రోడెరిక్‌లు.
గాలికి అడ్డంగా పాప్లర్ చెట్లు నాటారు.
ఇటుకలతో చిన్న ప్రార్థనామందిరం కట్టి
దాని వీపును గాలికి పెట్టారు.
ఇప్పటికీ మా ఊళ్లో ఏ ఇంటికీ
పడమటి కిటికీ లేదు.
ఎందుకని పిల్లల్ని అడిగితే
"ఇళ్లు అలాగే ఉంటాయి కదా" అంటారు.

తర్వాతి పుటల్లో స్పానిష్ గుమాస్తా గిలుకుడు రాత,
ఒక్కో పేరుకు మూడేసి తప్పులు.
కాఫీ మరక దాటాక
కోల్కె, చోకె, వాయ్యా.
పొతోసి కొండల నుంచి మూడు రోజులు
బస్సుల్లో కూర్చుని వచ్చినవాళ్లు.
భూమి ఎల్వెడ్ ప్యూది, వంతు నీల్దా కోల్కెది
అని పెన్సిలుతో రాశాను,
కౌలుదారు పేరు ఎప్పుడు చెరపాల్సొస్తుందోనని.
పద్నాలుగేళ్లయింది. రబ్బరు అరగలేదు.

"గోధుమలకు పతకాలొచ్చిన నేల" అంటాడు ప్యూ,
చేతికర్రతో గట్టును పొడుస్తూ,
"ఉల్లిగడ్డల పాలైంది."
సాయంత్రం సంచీ పట్టుకుని
"నాలుగు గడ్డలియ్యి పిల్లా" అని
ఆమె గుమ్మంలో నిలబడేదీ ఈయనే.

కూడలిలో టీ హోటలుంది.
రాజధాని నుంచి బస్సులు దిగినవాళ్లు
ఊలు చొక్కా తొడిగిన టీకెటిల్‌ను ఫొటో తీసుకుంటారు.
సీసా మీద 'వెల్ష్ అవ్వ చేతి జామ్' అని ఉంటుంది.
స్ట్రాబెర్రీలు నీల్దావి.
గరిటె తిప్పేది నీల్దా ఆడపడుచు హుస్తా.
అబద్ధమా అంటే, కాదు.
ఎంత పంచదార, ఎంతసేపు, ఎప్పుడు దించాలి,
ఆ అవ్వే పక్కన కుర్చీ వేసుకుని నేర్పి పోయింది.
ఒక్క మిరప గింజ మాత్రం హుస్తా సొంతం.

మూడో తూము చక్రం వంకర.
కుడికి తిప్పితే ఇరుక్కుంటుంది.
ఎడమకు సగం తిప్పి
కింది బద్దెను మడమతో ఒక్క తన్ను తన్నాలి.
ప్యూకి వాళ్ల నాన్న నేర్పాడు.
నీల్దాకు ప్యూ నేర్పాడు,
మాట కలవని తొలి ఏడాది, అర్ధరాత్రి వంతులో,
తన్ని చూపించి, కాలు పట్టుకుని మూలిగి,
ఇద్దరూ నవ్వి.
నిన్న నీల్దా కొడుకు, ఏడేళ్లవాడు,
కొత్తగా బిగించిన నాలుగో తూమునూ తన్నాడు.
దీనికి అక్కర్లేదురా అన్నాను.
"తూముని తన్నాలి కదా" అన్నాడు.

నీళ్లను వాళ్లు దూర్ అంటారు, వీళ్లు యాకు అంటారు,
నేను ఆగ్వా అంటాను.
మా అమ్మమ్మ ఏమనేదో నాకు తెలీదు.
కాలువ రాకముందు ఆ వంపులో
ఆమె వాళ్లవి తోలు గుడారాలు.
తవ్వేవాళ్లకు మాంసమిచ్చి
రొట్టె తీసుకున్నారని చెబుతారు.
పుస్తకంలో వాళ్లకు పుట లేదు.
పట్టా లేనివాళ్లకు వంతుండదు.
ఆ మాటను అమ్మమ్మ
మా అమ్మ ముందు కూడా అనేది కాదట,
పిల్ల నేర్చుకుంటే బడిలో కొడతారని.

చలికాలమంతా మూసిన కాలువకు
తొలి నీళ్లు వదిలేది నేనే.
ముందు దుమ్ము వస్తుంది, ఎండుటాకులు, ఒంటి చెప్పు,
వాటిని నెట్టుకుంటూ నాలుక చాచి నీరు.
నీల్దా వాళ్లు నేల మీద గుక్కెడు చిచా ఒంపుతారు.
ప్యూ టోపీ తీస్తాడు, ఏమీ అనడు.
అందరూ వెళ్లాక
ఆ వంపు దగ్గర గట్టుకు చిన్న గండి కొడతాను.
అక్కడ ముళ్లపొద తప్ప పంట లేదు.
పది నిమిషాలు, గడియారం చూసి మరీ.
తర్వాత మన్ను ఎగదోసి మూసేస్తాను.

పైవాళ్లు తనిఖీకొచ్చినప్పుడు
నీళ్లు తగ్గాయేమని అడుగుతారు.
"ఇంకి ఉంటాయి" అంటాను.