ఆజానుబాహువు

హోబార్ట్‌లో ఒక్క పూటలో నాలుగు కాలాలు.
కాటన్ చొక్కా, దాని మీద
పల్చటి మెరీనో కార్డిగన్, పైన వానకోటు.
ఎండ తగిలితే ఉల్లిపాయలా ఒలుచుకోవడమే.

కొత్తలో దీన్ని
చీర జాడించినట్టు జాడించి
మెలిపెట్టి పిండి
కుడిచేతి అంచుకు క్లిప్పు పెట్టి
తీగకు వేలాడేశాను.
సాయంత్రానికి ఆ చెయ్యి మోకాలి దాకా సాగింది.
‘ఆజానుబాహువు!’ అని ప్రభంజన్ ఒకటే నవ్వు.

పక్కింటి గ్లెనిస్ నవ్వలేదు.
చన్నీళ్ళలో ముంచి తీసి
తువ్వాల్లో పెట్టి
పూతరేకు చుట్టినంత నెమ్మదిగా చుట్టి, అదిమింది.
బల్ల మీద పరిచింది.
‘ఉన్నిని ఉరితీయకు, పడుకోబెట్టు.’

పొట్టిది కాలేదు ఆ చెయ్యి.

కొండ మీద మంచు పడ్డ పొద్దున
బస్‌స్టాపులో
వేళ్ళన్నీ అందులోకి లాక్కుంటాను.

ఎడమ చేతికే చలి.