గోధుమ బీరు, నాగావళి ఇసుకలో

మే నెల మూడోవారం. నాగావళి
పాయంత నీరు, మిగతాదంతా ఇసుక.
చిన్నంనాయుడు విశాఖ నుంచి
తడిగుడ్డ చుట్టి తెచ్చాడు రెండు సీసాలు.
"గోధుమల్తో చేసిందిరా. ఎండాకాలమే చేస్తారట,
వానలు పడితే మరి దొరకదు."

గోధుమ!
మా వైపు గోధుమచేను చూసినోడెవడు?
గోధుమంటే మాకు
షుగరొచ్చిన మేష్టారి రాత్రి చపాతీ.

స్టీలు గ్లాసులోకి
బియ్యం కడిగిన నీళ్ళలా మసకగా దిగింది,
పైన రెండు వేళ్ళ నురుగు.
"ఏటిరా ఇది, కుడితిలాగుంది?"
"మాటాడకు. తాగు."

తాగాను.
ముందు చల్లదనం. తర్వాత
మగ్గిన అరటిపండు వాసన, ఎక్కడో ఒక లవంగం,
చివర్న నాలుక అంచున సన్నటి పులుపు.
ఈ పులుపు నాకు తెలుసు.
మా తవిటమ్మత్త తరవాణి కుండ!
వడగాలిలో నువ్వుచేలోంచి వస్తే
ఉప్పుగల్లు వేసి, ఉల్లిపాయ చిదిపి
"తాగు గుంటడా, బుర్ర చల్లబడతాది" అనేది.

చెబితే నాయుడు గ్లాసు దించాడు.
"అయితే మూడొందలెట్టి
తరవాణి కొన్నానేట్రా?"

తలకెక్కే రకం కాదిది.
భుజమ్మీద చెయ్యేసి
కాసేపు పక్కన కూచుంటుంది.

పాత వంతెన మీద ఇసుక లారీ పోతోంది.
మడమల కింద నేల ఇంకా కాలుతోంది.
రెండో సీసాని ఏట్లో నిలబెట్టాం,
మెడదాకా ముంచుదామంటే
నడుం దాటలేదు నీరు.
నాయుడు మాత్రం మాటిమాటికీ అటే చూస్తున్నాడు,
కొట్టుకుపోతుందేమోనని.