ఏడో భాగం

"ఈ కార్యక్రమం మీ ప్రాంతంలో అందుబాటులో లేదు"
అంది తెర, తెల్లటి అక్షరాల్లో, మర్యాదగా.
వెర్నా కార్కమ్ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది.
తర్వాత కిటికీలోంచి
ఆ ప్రాంతం వైపు చూసింది.

అదే రేవు.
అదే వంకర కొయ్య వంతెన, మేకులు మాత్రం కొత్తవి.
యాభై రెండేళ్ల కిందట హాలిఫాక్స్ నుంచి రెండు వ్యాన్లలో వచ్చి
పదమూడు వారాల పడవ కథ ఇక్కడే తీశారు.
మా మోషర్ కోవ్ పొగమంచు ఉత్త పుణ్యానికే నటించింది.
మనుషులకి తలా ఒక కోడి శాండ్‌విచ్.

ఏడో భాగం, పద్దెనిమిదో నిమిషం:
వెర్నా చేపల బాల్చీతో ఎడమ నుంచి కుడికి నడుస్తుంది.
నాలుగు సెకన్లు.
వెనక ఉప్పు కొట్టు గుమ్మంలోకి వాళ్లమ్మ యూలా
ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంటూ వచ్చి
కెమెరాని చూసి, ఏదో తిట్టి, లోపలికి పోతుంది.
యూలా కదిలే బొమ్మ లోకంలో అదొక్కటే.
ఫోటోలు మూడున్నాయి.
మూడింట్లోనూ పరాయివాళ్ల చావుకి వచ్చినట్టు నిలబడి ఉంటుంది.

నేను గ్రంథాలయంలో మంగళ, గురువారాలు కూర్చుంటాను.
పుస్తకాలివ్వడం నా పని.
ఈ మధ్య ముసలివాళ్ల పాస్‌వర్డులు వెతకడమే ఎక్కువైంది.
వెర్నా కోసం నాలుగు సంస్థలకి రాశాను.
హక్కులు మా దగ్గర లేవన్నారు ఒకరు.
ఉన్నాయేమో, కాగితం కనపడ్డంలేదన్నారు ఇంకొకరు.
ఆ భాగంలో, బార్ సీన్లో, రేడియో మీద ఒక పాట మోగుతుందట;
పాట గలాయన పోయాడట;
వారసులు ముగ్గురికీ మాటల్లేవట.
"అందుకని ఆరు తర్వాత ఎనిమిది" అని రాశారు,
లెక్కలు అలాగే నేర్చుకున్నట్టు.
నాలుగోవాళ్లు నాకు ఒక నెల ఉచితంగా ఇచ్చారు.

వేళ్లు నొప్పెట్టేదాకా జరిపినా తరగని బొమ్మలు.
కొరియా ప్రేమలు, నార్వే హత్యలు, కేకుల పోటీలు.
అంగట్లో అన్నీ ఉన్నాయి,
వెర్నా నోట్లో శని.

చివరికి ఎల్డ్రిడ్జ్ నాస్ అటక మీద ఒక క్యాసెట్ దొరికింది.
ఎప్పుడో మళ్లీ వేసినప్పుడు పట్టినదట.
మీద నీలం సిరాతో "ఏడు".
ఫైర్ స్టేషన్ హాల్లో పదకొండు మందిమి చేరాం.
ఎవరో జున్ను బిస్కట్లు తెచ్చారు.
మీట నొక్కితే
హాకీ.
ఎల్డ్రిడ్జ్ చెవులు ఎర్రబడ్డాయి. "మా తమ్ముడు వెధవ" అన్నాడు.
ఎవరూ లేవలేదు.
మ్యాచ్ మొత్తం చూశాం, ఓడిపోయే జట్టుకి చప్పట్లు కూడా కొట్టాం,
ఆట అయ్యాక టేపు ఇంకా తిరుగుతూంటే
అడుగున మిగిలిన కథ తేలింది:
పొగమంచు, గంట, పైకి జరిగే పేర్లు,
ఆఖర్న, "మోషర్ కోవ్ ప్రజలకు కృతజ్ఞతలు."

దీపాలు వేశాక మొదలైంది తగాదా.
పడవ ముందు మునుగుతుందా, పెళ్లి ముందా?
వెర్నా చేతిలో బాల్చీ పెద్దదా, చిన్నదా?
"ఎర్రది" అంది వెర్నా.
"అది నలుపు తెలుపు కదే" అన్నాడు ఎల్డ్రిడ్జ్.
"మోసింది నేను. ఎర్రది."

మీ అమ్మ ఏమని తిట్టిందని అడిగాను.
ఆ చోట మాట తీసేసి వయొలిన్ పెట్టారట.
నా చెవిలో చెప్పింది.
చెప్పి, నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకుంది.
ఇక్కడ రాయను.
ఆ హక్కులు వెర్నావి.

నెలకి పదకొండు డాలర్లు ఇంకా పోతూనే ఉన్నాయి ఆమె ఖాతాలోంచి.
ఆపెయ్యనా అన్నాను.
"ఒకటో తారీఖున కొత్తవి పెడతారు" అంది.

రేపు ఒకటి.
పొగమంచు పడుతుందని రేడియో చెప్పింది.